ముందు నీ రిపోర్టు చూపియ్యి

2025 దసరాకి ఊరెళ్ళాం. మాది గాంధారి. తెలీని వాళ్ళ కోసం చెప్తున్నా, కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రం, ఎల్లారెడ్డి నియోజకవర్గం. 2016లో జిల్లాలు విడగొట్టక ముందు "నిజామాబాద్ జిల్లా" అని చెప్పుకు తిరిగేవాళ్ళం. మక్క చేన్లు, చుట్టూ తండాలు, వాడకో నలుగురు గల్ఫ్‌లో. ఇదీ మా ఊరు.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం మా ఆవిడ బతుకమ్మ నెత్తిన పెట్టుకుని వాకిలి దాటుతుంటే, వరసకి పెద్దమ్మ అయ్యే ఒకావిడ నన్ను ఆపింది. "ఏం కొడుకా, పెండ్లయి పదేండ్లాయె. ఇంకెప్పుడు? దాన్ని మంచి దవాఖానల చూపియ్యరాదు?" అంది. గుసగుసగా కాదు, పదిమందికి వినబడేలా. మా ఆవిడకీ వినబడింది. వెనక్కి తిరగలేదు, పూలు కదలకుండా నడుచుకుంటూ పోయింది. అప్పటికి ఏడు వారాల కిందటే మాకు నిలిచిన గర్భం తొమ్మిదో వారంలో పోయింది. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

నేనేం చేశానంటారా? నవ్వాను. "చూపిస్త పెద్దమ్మా" అని కూడా అన్నాను.

క్లయింటు కాల్స్‌లో ఎంతటివాడితోనైనా వాదనకి దిగే నేను, "పెద్దమ్మా, చూపించుకోవాల్సింది నేను" అన్న నాలుగు ముక్కలు అనలేకపోయాను. ఆ నాలుగు ముక్కల కోసమే ఈ టపా. చదివాక తిట్టేవాళ్ళు తిట్టుకోండి.

ఊర్నించి వచ్చిన నెలన్నరకి, నవంబర్‌లో, పెద్ద రభస జరిగింది. మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఉపాసన కొణిదెల ఐఐటీ హైదరాబాద్ విద్యార్థులతో మాట్లాడుతూ, ఆడవాళ్ళకి అండాలు ఫ్రీజ్ చేయించుకోవడమే పెద్ద ఇన్సూరెన్స్ అన్నారు. దానికి జోహో శ్రీధర్ వెంబు స్పందిస్తూ, ఇరవైల్లోనే పెళ్ళి చేసుకుని పిల్లల్ని కనమని యువ పారిశ్రామికవేత్తలకి సలహా ఇచ్చారు. ఇహ చూస్కోండి, మా ఆఫీసు క్యాంటీన్లో వారం రోజులు అదే గోల. ఒక జట్టేమో "అమ్మాయిలు కెరీర్ కెరీర్ అని ముప్ఫై ఐదు దాటించేస్తున్నారు" అని. రెండో జట్టేమో "వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ ఇష్టం" అని. గమనించారా, రెండు జట్లూ కొట్టుకున్నది ఆడవాళ్ళ అండాల గురించే! అదే సభలో పెళ్ళి చేసుకోవాలని ఎందరికుందో చెయ్యెత్తమంటే అమ్మాయిలకంటే అబ్బాయిలే ఎక్కువ మంది ఎత్తారని ఉపాసన గారే రాశారు. ఆ ఎత్తిన చేతుల వైపు చూసి "బాబూ, మరి మీ సంగతేంటి?" అన్నవాడు మా క్యాంటీన్లో ఒక్కడూ లేడు. వెంబు గారు ఆడామగా ఇద్దరికీ కలిపే చెప్పారు, ఒప్పుకుంటాను. మనవాళ్ళు మాత్రం అందులో సగమే విన్నారు.

నా వాదన ఒక్కటే. వయసు ముదిరాక పిల్లల కోసం ప్రయత్నించే జంటకి డబ్బు కంటే, డాక్టర్ల కంటే కరువైన వస్తువు టైము. నేను చూసినంతలో ఆ టైముని నిలువునా తగలేసేది ఆడదాని కెరీరు కాదు. మొగుడు తన పరీక్షని అన్నిటికంటే చివరికి నెట్టడం.

ముందు నా చిట్టా విప్పుతాను, లేకపోతే "నువ్వెవడివి చెప్పడానికి" అంటారు.

పెళ్ళి 2015లో. నాకు 31, ఆవిడకి 28. 2016లో నాకు ఆన్‌సైట్ వచ్చింది. "రెండేళ్ళాగుదాం" అన్నది నేను. తిరిగొచ్చాక ఫ్లాటు, దాని ఈఎంఐ. "ఇంకొక్క ఏడాది" అన్నది నేను. 2019లో చెల్లెలి పెళ్ళి, అప్పు. 2020లో కరోనా, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. అప్పుడు "ఆగుదాం" అన్నదీ నేనే. 2021లో మొదలుపెట్టేసరికి ఆవిడకి 34, నాకు 37. ఇన్ని "ఆగుదాం"లలో ఆవిడ కెరీర్ ఎక్కడుందో మీరే వెతికి చెప్పండి. ఆవిడా టెస్టింగ్‌లో లీడే. కానీ ఒక్కసారి కూడా "నా ప్రమోషన్ అయ్యాక" అన్న పాపాన పోలేదు.

2021 నుంచి 2023 దాకా రెండేళ్ళు పరీక్షలన్నీ ఆవిడకే. స్కానింగులు, థైరాయిడ్, ఏఎంహెచ్, ట్యూబులు తెరుచుకున్నాయో లేవో చూసే ఎక్స్‌రే. (దానికి ఎంత నొప్పి ఉంటుందో ఆవిడ మొహం చూస్తే తెలిసింది. నేను బయట కుర్చీలో కూర్చుని స్టాండప్ కాల్ అటెండయ్యాను.) మధ్యలో మా అమ్మ మొక్కులు, ముడుపులు, శనివారం ఉపవాసాలు. అవీ ఆవిడకే. మొదటి నెలలోనే డాక్టరమ్మ నాకు వీర్య పరీక్ష రాసిచ్చింది. ఆ చీటీ నా లాప్‌టాప్ బ్యాగు ముందు జేబులో రెండేళ్ళుంది. రిలీజుందని ఒకసారి, ల్యాబులో తెలిసినవాడు కనిపిస్తాడని ఒకసారి, "నాకేంటి, గుర్రంలా ఉన్నాను" అని చాలాసార్లు.

2023లో చేయించుకున్నాను. కౌంటు తక్కువ, కదలిక ఇంకా తక్కువ, వేరికోసీల్ ఉంది. అంటే వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం. అప్పటికి ఆవిడకి 36.

34 నుంచి 36. ఈ రెండేళ్ళ లెక్క అర్థం కావాలంటే కొంచెం బయాలజీ కావాలి. ఆడపిల్ల పుట్టేటప్పుడే తన అండాలన్నీ వెంట తెచ్చుకుంటుంది, సుమారు పది ఇరవై లక్షలు. పెద్దమనిషయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. 37 ఏళ్ళకి సుమారు పాతిక వేలు. కొత్తవి పుట్టవు. సంఖ్యతో పాటు నాణ్యతా పడిపోతుంది. గర్భంలో డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం 25 ఏళ్ళప్పుడు పన్నెండు వందల్లో ఒకటి చొప్పున ఉంటే, 40 ఏళ్ళకి వందలో ఒకటి. అందుకే డాక్టర్లు ఒక లెక్క పెట్టారు. భార్యకి 35 లోపయితే ఏడాది ప్రయత్నించి రండి. 35 దాటితే ఆరు నెలలకే రండి. 40 దాటితే ఆగనే వద్దు, వెంటనే రండి. వచ్చేటప్పుడు ఇద్దరూ రండి, ఇద్దరికీ ఒకేసారి పరీక్షలు. ఇది నా సొంత కవిత్వం కాదు, అమెరికా యూరాలజీ, ఫెర్టిలిటీ సంఘాలు 2020లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది.

ఆరు నెలలు అమూల్యమన్న చోట నేను రెండేళ్ళు బ్యాగులో పెట్టుకు తిరిగాను. మన భాషలో చెప్పాలంటే, రెండు మాడ్యూళ్ళున్న సిస్టమ్ పనిచెయ్యట్లేదు. ఒక మాడ్యూల్ లాగులు రెండేళ్ళు లైనులైనూ చదివి, రెండోదాని లాగ్ ఫైలు తెరవనే లేదు. ఇలాంటి డీబగ్గింగ్ చేసినవాడికి మీరైతే అప్రైజల్‌లో ఏ రేటింగ్ ఇస్తారు?

ఇప్పుడు సాకుల దగ్గరికొద్దాం. అన్నీ నేను వాడినవే, కాబట్టి మీకు కొత్తగా తట్టేవి పెద్దగా ఉండవు.

సాకు ఒకటి: "సమస్య మామూలుగా ఆడవాళ్ళలోనే కదా ఉండేది." కాదండీ. పిల్లలు పుట్టని జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కారణం ఉంటుంది, ఒక్కడిదే కావచ్చు, ఇద్దరిదీ కలిసి కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో సుమారు ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి ఎదురవుతుంది. మీ టీములో తలలు లెక్కపెట్టి చూడండి.

సాకు రెండు: "మగాడికి వయసుతో పనేంటి, అరవైలో కూడా పుడతారు." పుడతారు, నిజమే. కానీ నలభై దాటుతున్న కొద్దీ గర్భం రావడానికి పట్టే కాలం పెరుగుతుంది, గర్భస్రావాల అవకాశమూ పెరుగుతుంది. తండ్రి వయసు ఒక్కో ఏడాది పెరిగితే బిడ్డకి సుమారు రెండేసి కొత్త జన్యుమార్పులు అదనంగా వెళ్తాయని 2012లో ఐస్‌లాండ్‌లో చేసిన పరిశోధన తేల్చింది. గడియారం మనకీ ఉంది. చప్పుడు కాస్త తక్కువ, అంతే.

సాకు మూడు: "నాకే అలవాట్లూ లేవు." సిగరెట్టు, గుట్కా సరే. జిమ్ములో కండల కోసం పొడిపించుకునే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ల సంగతి? అవి బయట్నించి వచ్చేసరికి ఒళ్ళు తన ఫ్యాక్టరీ మూసేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది. చూడ్డానికి సల్మాన్ ఖాన్, రిపోర్టులో సున్నా. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుంటే వృషణాల వేడి రెండు డిగ్రీల పైనే పెరుగుతుందని 2005లోనే న్యూయార్క్ డాక్టర్లు కొలిచి చూపించారు. వేడికి, కణాల తయారీకి పడదు. నేను ఆ మంచి పని పదేళ్ళు చేశాను. ఏ అలవాటూ లేకపోయినా వేరికోసీల్ ఉండొచ్చు. మామూలు మగవాళ్ళలోనే నూటికి పదిహేను మందికి ఉంటుంది.

సాకు నాలుగు: "సిగ్గు." దీనికి మాత్రం జవాబు లేదు, లెక్క ఉంది. మనది: రెండు నుంచి ఏడు రోజులు ఆగడం, ఒక డబ్బా, ఒక గది, పది నిమిషాలు, కొన్ని వందల నుంచి వెయ్యీ పదిహేను వందల రూపాయలు. ఫలితాలు రోజుకో రకంగా ఉంటాయి కాబట్టి తేడా వస్తే కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఒకసారి. ఆవిడది: నేను పైన రాసిన జాబితా అంతా.

ఇంకో సంగతి ఉంది, ఇది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. తప్పు మగాడిదని తేలినా మందు ఆడదానికే! ఇక్సీ అని వింటుంటారు. ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి. మొదటి కాన్పులు 1992లో బెల్జియంలో జరిగాయి. మగవాళ్ళ లోపానికి గొప్ప పరిష్కారం, ఎందరికో పిల్లల్నిచ్చింది. కానీ ఆ అండం ఎక్కడ్నించొస్తుంది? పది పన్నెండు రోజులు ఆవిడ పొట్టకి ఇంజెక్షన్లు, రోజు విడిచి రోజు స్కానింగు, మత్తిచ్చి అండాలు బయటికి తీయడం, ఒక్కోసారి ఆ మందులు వికటించి కడుపులో నీరు చేరడం. నా కౌంటు తక్కువైనందుకు సూదులు ఆవిడకి. 2024లో ఒకసారి చేశాం, రాలేదు. 2025లో రెండోసారి నిలిచింది. దాని సంగతి మొదట్లోనే చెప్పాను. ఆవిడ ఒళ్ళంతా సూదుల మచ్చలుంటే ఊళ్ళో ఆవిడకే గొడ్రాలు అని పేరు. చుట్టాలింట్లో తొట్టెల ఫంక్షన్‌కి ఆవిణ్ణి పిలవడం మానేశారు. నన్ను మాత్రం పిలిచారు.

మా ఊరి గురించి ఒక మాట. "ఇదంతా హైటెక్ సిటీ బాధ, ఊళ్ళో ఇరవైకే పెళ్ళిళ్ళు" అనుకునేరు. మా వైపు ఇరవైకే పెళ్ళి చేస్తారు, నిజమే. పెళ్ళైన రెండు నెలలకి అబ్బాయి దుబాయ్ విమానం ఎక్కుతాడు. రెండేళ్ళకోసారి నెల, నలభై రోజులు సెలవు. ఏ నెలకా నెల అండం విడుదలయ్యే రోజులు కొన్నే, అందులో పండగలు, చుట్టరికాలు పోగా మిగిలేదెంత? అలా పదేళ్ళు గడిస్తే ఇద్దరూ కలిసున్నది ఏడాది కూడా ఉండదు. ఊరు మాత్రం పదేళ్ళు లెక్కపెడుతుంది. అమ్మాయికి ముప్ఫై వస్తాయి, "కడుపు పండలే" అంటారు, రెండో సంబంధం మాట మెల్లగా మొదలవుతుంది. రెండో పెళ్ళి చేసినా పుట్టకపోతే? మూడో ఆమెని చూస్తారేమో గానీ వాడి చేతికి మాత్రం డబ్బా ఇవ్వరు. ఆన్‌సైట్ వెళ్ళిన నాకూ, అబుదాబీలో డ్రైవరు పని చేసే మావాడికీ తేడా జీతంలోనే ఉంది, ఈ విషయంలో ఇద్దరం ఒకే బడి.

మగాడు తప్పుకున్న ఈ ఖాళీలోనే వ్యాపారం దూరింది. కూకట్‌పల్లి నుంచి కామారెడ్డి దాకా రోడ్డు పక్కన నవ్వే పసిపిల్లల హోర్డింగులు. మంచి డాక్టర్లు ఉన్నారు, కాదనను. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసూ మర్చిపోకండి. సరోగసీ బిడ్డని లక్షలు తీసుకుని చేతికిచ్చారు, డీఎన్ఏ పరీక్షలో ఆ బిడ్డ ఆ దంపతులది కాదని తేలింది, డాక్టర్ని అరెస్టు చేశారు. ఆశపడ్డవాళ్ళ దగ్గర టైము లేదని అమ్మేవాడికి తెలుసు. టైము మిగుల్చుకున్నవాడే నిదానంగా నాలుగు చోట్ల అడిగి, రిపోర్టులు చేతిలో పెట్టుకుని బేరమాడగలడు. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబర్‌లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు. ఇలాంటివి జిల్లాలకీ రావాలి.

అలాగే ఐవీఎఫ్ వయసుని వెనక్కి తిప్పే యంత్రమనీ అనుకోకండి. 2019 సెప్టెంబర్‌లో గుంటూరులో 74 ఏళ్ళ తూర్పుగోదావరి మహిళకి కవల ఆడపిల్లలు పుట్టారని టీవీల్లో చూశాం కదా. "చూశావా, ఎప్పుడైనా కనొచ్చు" అని అప్పుడు మా మేనేజరు కూడా అన్నాడు. అది దాత ఇచ్చిన అండం బాబూ, ఆవిడది కాదు. సొంత అండాలతో నలభై దాటాక ఐవీఎఫ్‌లో కూడా అవకాశం గబగబా పడిపోతుంది. తర్వాత 2021లో వచ్చిన చట్టం ఈ చికిత్సకి ఆడవాళ్ళకి 50, మగవాళ్ళకి 55 ఏళ్ళ హద్దు పెట్టింది. అండాలు ఫ్రీజ్ చేయించుకోవడమూ అంతే. తీసింది ఏ వయసులో, ఎన్ని, కరిగించాక ఎన్ని బతికాయి అన్నదాని మీద ఉంటుంది. అవసరమైనవాళ్ళు చేయించుకోండి, తప్పేం లేదు. కానీ ఇన్సూరెన్స్ అనకండి. పాలసీకి క్లెయిమ్ ఉంటుంది, దీనికి లేదు. పైగా ఆ అండానికి రేపు జోడీ కావాల్సిన కణం ఎవడిది? వాడి రిపోర్టు ఎవరు చూశారు?

ఇక కంపెనీలు. ఫేస్‌బుక్, ఆపిల్ 2014లోనే అమెరికా ఉద్యోగినులకి అండాల ఫ్రీజింగ్ ఖర్చు ఇస్తామన్నాయి. గొప్ప ఔదార్యం! "ఇప్పుడు పని చెయ్యి, బిడ్డని తర్వాత కను" అనడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఉండదు. మన దగ్గర 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, సంతోషం. కాన్పు కోసం ఇచ్చే సెలవు అది. పుట్టడం కోసం పడే పాట్లకి అందులో ప్రత్యేకంగా సెలవు లేదు. అండాలు తీసిన రోజు మా ఆవిడ "జ్వరం" అని మెయిల్ పెట్టింది. గర్భం పోయిన వారం కూడా "జ్వరమే". నేనైతే మెయిల్ కూడా పెట్టలేదు, ఆసుపత్రి పార్కింగ్‌లోంచి డిప్లాయ్‌మెంట్ నడిపాను. 2024 అక్టోబర్‌లో చంద్రబాబు గారు పిల్లల్ని ఎక్కువ మందిని కనమన్నారు. ఆంధ్రలో సగటున స్త్రీకి 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. కనాలని ఏడుస్తున్నవాళ్ళకి నెలకి రెండు రోజులు సెలవివ్వండి ముందు.

ఇంతకీ నేనడిగేది పెద్దదేం కాదు. పిల్లలు కావాలనుకున్న రోజే, ఆవిడ మొదటి స్కానింగుకంటే ముందు, మీ పరీక్ష చేయించుకోండి. "తర్వాత చూద్దాం" అనే ప్రతిసారీ ఆవిడ వయసు పక్కన రాసుకుని మరీ అనండి. రిపోర్టు తేడాగా వస్తే యూరాలజిస్టు దగ్గరికెళ్ళండి, మందుల షాపువాడి దగ్గరికి కాదు. కణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, అంటే ఇవాళ మార్చుకున్నది మూడు నెలలకి గానీ కనబడదు. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. బాగానే వస్తే ఆ కాగితం అత్తామామలకీ అమ్మానాన్నలకీ చూపించి గప్పాలు కొట్టుకోకండి. తేడాగా వస్తే మాత్రం తప్పకుండా చూపించండి. ఆవిడ మీద పడే మాటల్లో సగం ఆ రోజే ఆగిపోతాయి.

నేను చూపించాను, ఆలస్యంగానే. దసరా అయిన రెండు నెలలకి మళ్ళీ గాంధారి వెళ్ళినప్పుడు ఆ పెద్దమ్మ ఇంటికే వెళ్ళి, అరుగు మీద కూర్చుని చెప్పాను. "పెద్దమ్మా, లోపం ఆమెల లేదు, నాల ఉన్నది. రెండేండ్లు నేనే దాసుకున్న" అని. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చాట ముందరేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. తర్వాత అడిగింది, "మొగోళ్ళకు గూడ పరీక్ష ఉంటదా కొడుకా?" అని. ఉంటదన్నాను. మళ్ళీ కాసేపటికి, గొంతు తగ్గించి, "గది కామారెడ్డిల చేస్తరా?" అంది.

ఆవిడ చిన్నకొడుకు మస్కట్‌లో ఉంటాడు. పెళ్ళయి ఆరేళ్ళు. కోడల్ని రెండుసార్లు పుట్టింటికి పంపించేశారు.

"చేస్తరు పెద్దమ్మా. పొద్దున ఇస్తే సాయంత్రానికి కాయితం చేతికొస్తది" అన్నాను. ఈసారి వాడు సెలవు మీద దిగిన మర్నాడే తీసుకెళ్ళే పని నాది.